శుక్రవారం గోరు

ఊరి పేరు మద్రాసు పోయి చెన్నై అయిన రెండేళ్ళకు అక్కడ ఆడవాళ్ళ వాటర్ పోలో పోటీలు జరిగాయి. ఆరు దేశాల నుంచి పిల్లలు వచ్చారు. ఒక్కొక్కతె భుజాలు చూసి మన వస్తాదులు చొక్కా గుండీలు పెట్టుకుని ఇంటిదారి పట్టారు. కాలు కింద ఆనకుండా నీళ్ళల్లో నిలబడి, బంతిని ఒంటిచేత్తో విసిరి గోలు కొట్టే ఆట అది. నిలబడి అన్నది మర్యాదకు అన్న మాట. కింద వాళ్ళ కాళ్ళు తొక్కే తొక్కుడుకు బియ్యం పోస్తే పిండి తీయవచ్చు.

అయితే ఇది వాళ్ళ కథ కాదు. ఆ ఈతకొలను పక్కన, ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది గుమ్మంలో ముక్కాలిపీట మీద కాపలా కూర్చునే పుష్పవల్లి కథ. ఆవిడ మీద కథ రాసేంత ఏముందని అడిగేవాళ్ళు కాసేపు ఓపిక పట్టాలి.

పుష్పవల్లి తాతల తాతలు నెల్లూరు వైపు నుంచి వచ్చి ఆ ఊళ్ళో పాతుకుపోయినవాళ్ళు. బయట అరవం, ఇంట్లో తెలుగు. మొగుడు సుందర్‌రాజ్ హార్బరులో మూటలు మోసేవాడు; కామెర్లు వచ్చి పోయాడు. పిల్లలు లేరు. ఆ తరవాత అత్త మంగ, తను, ఇద్దరే పురసవాక్కంలో ఒక గది పోర్షన్‌లో ఉన్నారు. చాలాకాలం పోట్లాడుకుంటూ బాగానే గడిపారు. ఒక వానాకాలం అత్త కూడా పోయింది. దాంతో ఆ గదిలో తెలుగు తెలిసిన ప్రాణి లేకుండా పోయింది, ఒక్క లక్ష్మీదేవి తప్ప.

ఆ లక్ష్మి నగల కొట్టువాళ్ళు దీపావళికి ఇచ్చిన క్యాలెండరులోది. ఆ కొట్టులో పుష్పవల్లి కొన్నది ముక్కుపుడక మర ఒక్కటే. అయినా లక్ష్మి ఏ వంకా పెట్టకుండా వచ్చేసింది. అత్త ఆ బొమ్మకు అద్దం కట్టించి గోడకు తగిలించింది. పని నుంచి వచ్చి దీపం పెట్టాక పుష్పవల్లి పటం ఎదురుగా కూర్చుని ఆ రోజు సంగతులన్నీ చెప్పేది. పటం వెనక ఒక బల్లి కాపురం ఉండేది. మాట మధ్యలో అది టిక్కుటిక్కుమంటే, లక్ష్మి ఒప్పుకున్నట్టు. మరీ పెద్ద కోత కోసినప్పుడు అది పలికేది కాదు. అప్పుడు పుష్పవల్లి కోతను కొంచెం తగ్గించి మళ్ళీ చెప్పేది. అలా రోజుకు ఒక గంట ఆ గదిలో ఇద్దరు మనుషులు ఉన్నట్టుండేది.

అత్త పోతూ పోతూ ఆస్తి అంటూ ఇచ్చింది ఒక్క మాట. "శుక్రవారం పూట గోరు కొయ్యబాకు. లచ్చిమి ఇల్లొదిలి పూడస్తాది. కోపమొచ్చి పొయ్యేవాళ్ళయితే అరిచి పోతారు. ఆమె అలిగి పోతాది. అలిగినోళ్ళు చెప్పి పోరు." పుష్పవల్లి ఆ మాట దాటలేదు. వేరేవాళ్ళ ఇంట్లో దాటితే ఏదో ఐశ్వర్యం పోవచ్చు. తన ఇంట్లో అయితే ఉన్న ఒక్క తోడూ పోతుంది.

పోటీలు మొదలయ్యే ముందురోజు ఆఫీసువాళ్ళు ఆమె చేతిలో ఒక నెయిల్ కట్టరు పెట్టారు. పంపు నడిపే మునికృష్ణ పక్కనే ఉన్నాడు. అతని నోరంత పొడుగు పైపు కార్పొరేషన్ దగ్గర కూడా లేదు.

"ఏంది తమ్ముడూ ఇది, గోళ్ళు కొయ్యడానికి ఒక మనిషా?"

"నీకు తెలీదు అక్కా. ఆటకు ముందర రెఫరీ ఒక్కొక్కరి గోళ్ళూ తడిమి చూస్తాది. వీళ్ళు నీళ్ళ పైన నవ్వతారు, కింద గీరుకుంటారు. పోయినసారి యాడనో ఒక పిల్ల చెవి పీకేసినారంట. ఇంకా దొరకలా. మొసలి మింగేసిందంట."

"ఈత కొలనులో మొసలి యాడిది?"

"చెవి వాసనకే వచ్చింది."

కిందటేడు క్లోరిన్ ఎక్కువైన రోజు కొలనులో పడ్డ కాకి కొంగై లేచిందని చెప్పినవాడు కూడా అతనే. కాబట్టి పుష్పవల్లి సగం నమ్మింది. చెవి మాట అటుంచితే, గోళ్ళ మాట మాత్రం నిజమే.

మర్నాటి నుంచి పిల్లలు వరసగా వచ్చి ఆమె ముందు కూర్చుని చెయ్యి చాచారు. అక్కడే పుష్పవల్లి తడబడింది. ఆమె చేతిలోకి ఇంకో మనిషి చెయ్యి వచ్చి ఏళ్ళయింది. బస్సు కండక్టరు చిల్లర కూడా పైనుంచే జారవిడుస్తాడు. పక్క పోర్షన్ కలైవాణి పెరుగు గిన్నెను గడప మీద పెట్టి పిలుస్తుంది. ఇక్కడేమో వెచ్చటివీ చల్లటివీ, నీళ్ళకు నాని ముడతలు పడినవీ, దేశదేశాల చేతులు ఒకదాని తరవాత ఒకటి వచ్చి ఒడిలో వాలుతున్నాయి. ఒక్కో గోరూ ఆమె చాలా నెమ్మదిగా కోసింది. వెనకవాళ్ళు గొణుక్కున్నా తొందరపడలేదు.

అందరిలోకీ చివర వచ్చేది ఐగుల్, కజకిస్తాన్ గోల్ కీపరు. ఆ పిల్ల చేతులు ఎంతంటే, చెంపకు చెయ్యి ఆనిస్తే మొహం కనపడదు. ఆటలో తన వాళ్ళంతా అవతలి కొసకు పోతారు, ఆమె ఒక్కతే ఇవతల గోలు కాపలా. ఆట అయ్యాక కూడా అంతే. మిగతావాళ్ళు గుంపుగా కబుర్లు చెప్పుకుంటుంటే, తువ్వాలు కప్పుకుని వచ్చి పుష్పవల్లి పీట పక్కన నేల మీద కూర్చునేది. పుష్పవల్లి మురుకులు పెట్టేది.

"ఏం తిన్న్యావు పొద్దున? ఆ బ్రెడ్డు తింటే కడుపు నిండతాదా?"

ఐగుల్ తన భాషలో ఏదో పొడుగ్గా చెప్పింది.

"ఆమా, మా అత్త కూడా అట్లనే అనేది," అంది పుష్పవల్లి.

ఎన్నేళ్ళకో పటానికి కాక పక్కన కూర్చున్న మనిషికి తెలుగులో ఇంటి కబుర్లు చెప్పింది. అర్థం కాకపోవడం వాళ్ళకు ఒక లోటుగా తోచలేదు.

ఐగుల్ జట్టు ఫైనలుకు చేరింది, అది శుక్రవారం సాయంత్రం అని తెలిసినప్పుడు పుష్పవల్లి గుండె జారింది. కానీ ఆమె తక్కువదేం కాదు. గురువారం మధ్యాహ్నమే రెండు జట్లనూ కూర్చోబెట్టి అందరికీ గోళ్ళు కోసేసింది.

"రేప్పొద్దున మొలిచేస్తే ఏం చేస్తావు అక్కా?" అన్నాడు మునికృష్ణ బయట నుంచి. "అరేబియాలో ఒకాయనకు రాత్రికి రాత్రే జానెడు మొలుస్తాయంట."

"నువ్వు పోయి పంపు చూసుకో పో."

శుక్రవారం బయల్దేరేటప్పుడు పటం ముందు నిలబడి, "ఈరోజు కట్టరు చేత్తో కూడా ముట్టనులే," అని మాట ఇచ్చి వెళ్ళింది.

ఆటకు ముందు ఒళ్ళు వేడెక్కడానికి పిల్లలు నీళ్ళలోకి దిగారు. బంతి కోసం ఎగిరిన ఐగుల్ చెయ్యి గోలు కమ్మీకి కొట్టుకుంది. చూపుడువేలి గోరు నిలువునా చీలి ముల్లులా లేచింది. గుమ్మం దగ్గర రెఫరీ తడిమి చూసి తల అడ్డంగా ఊపింది. అది కోస్తేనే నీళ్ళలోకి, లేకపోతే బెంచీ మీదికి.

అందరూ పుష్పవల్లి వైపు చూశారు.

"ఈరోజు శుక్రవారం," అంది ఆమె. అది ఎవరికీ తెలియని విషయం కాదు, ఎవరికీ అర్థమయ్యే విషయమూ కాదు. నడుముకు చెక్కిన కట్టరు సంచీ విప్పి జట్టు మేనేజరమ్మకు అందించింది. ఆమె కట్టరు తీసి, తొందరలో వేలు గుంజి పట్టుకుంది. చీలిక గోటి కింద కండ దాకా ఉంది. ఐగుల్ చెయ్యి లాక్కుని వీపు వెనక దాచుకుంది. మేనేజరమ్మ ఏదో గద్దించింది. బయట ఈల మోగింది.

ఐగుల్ మేనేజరమ్మ చేతిలోంచి కట్టరు తీసుకుని, నాలుగు అడుగుల్లో వచ్చి, ఎప్పటిలా పీట పక్కన నేల మీద కూర్చుంది. అంత పెద్ద చెయ్యీ పుష్పవల్లి ఒడిలో పెట్టింది. ఆ చెయ్యి వణుకుతోంది.

పుష్పవల్లికి తన గది కళ్ళ ముందు కనిపించింది. తాళం తీసి లోపలికి పోతే ఖాళీ అద్దం, దాని వెనక ఖాళీ గోడ. సందెవేళ, దీపం పెట్టిన తరవాత ఎవరికి ఏం చెప్పాలి? ఈ పిల్ల రేపు విమానం ఎక్కి పోతుంది. ఆ చెయ్యి తోయడానికి తన చెయ్యి లేపింది కూడా.

తోయలేదు. వేలిని తన చీర కొంగుతో ఒత్తి తడి తుడిచింది. ముందు పక్కల నుంచి కొంచెం కొంచెంగా, తరవాత ఆ ముల్లును మొదలంటా, నొప్పి తెలియకుండా కోసింది. కట్టరు చప్పుడు ఆమెకు తలుపు గడియ తీసినట్టు వినిపించింది.

"పో. ఇంక పో," అంది.

ఆ గదిలోంచి ఆట కనపడదు. ఈలలు, నీళ్ళ చప్పుడు, జనం కేకలు వినిపిస్తాయి, అంతే. ఆఖరి ఈల తరవాత కేకలు పెట్టింది అవతలి జట్టువాళ్ళు. ఒక్క గోలు తేడాతో కజకిస్తాన్ ఓడింది. ఆడపిల్లలు ఏడుస్తూ వచ్చి, ఏడుస్తూనే బట్టలు మార్చుకున్నారు. బస్సు తొందరపెట్టింది. పుష్పవల్లి గేటు దాకా పోయి నిలబడింది. ఐగుల్ కిటికీ పక్కన కూర్చుని ఉంది. తువ్వాలు మొహం మీద వేసుకుంది. బస్సు మలుపు తిరిగేదాకా ఆ తువ్వాలు తీయలేదు.

ఇంటికి వచ్చి పుష్పవల్లి తాళంచెవి చేత్తో పట్టుకుని గడప ముందు నిలబడిపోయింది. పక్క పోర్షన్ కలైవాణి బియ్యం ఏరుకుంటూ చూసింది.

"ఏంక్కా, లోపలికి పోలా?"

"పోవల్ల."

"తాళం పట్టేసిందా?"

"లేదు. బాగానే ఉండాది."

కలైవాణి చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. పుష్పవల్లి తలుపు తీసింది. పటం ఉన్నచోటే ఉంది. లక్ష్మి ఎప్పటిలాగే నవ్వుతోంది. కానీ కొట్టువాళ్ళు అచ్చు వేయించిన నవ్వు ఎక్కడికి పోతుంది? అది ఆనవాలు కాదు. దీపం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఆ పిల్ల ఇరవై గోల్సు ఆపింది అమ్మా. కొలనులో నీళ్ళు గట్టు దాటి రోడ్డు మీదికి వచ్చేసినాయి."

బల్లి పలకలేదు.

"ఇరవై కాదులే. పది."

గోడ అవతల కలైవాణి ఇంట్లో కుక్కరు కూసింది. ఇక్కడ ఏ చప్పుడూ లేదు.

"ఎన్ని ఆపిందో నేను చూడలా. ఓడిపోయినారు. ఏడ్చింది. నాకు చెప్పకుండానే పూడ్సింది." దీపం వత్తి ఎగదోసింది. "గోరు కోసింది నేనే. శుక్రవారం అని తెలిసే కోసినా. చెయ్యి వణకతా ఉండింది, అందుకని."

ఇంతకంటే తగ్గించడానికి ఆమె దగ్గర కోత ఏమీ మిగల్లేదు. కంచంలో అన్నం పెట్టుకుని, మొదటి ముద్ద తీసి రోజూలాగే పటం ముందు పెట్టింది. తను మాత్రం ముద్ద ఎత్తకుండా, చెవి పటం వెనక్కే పడేసి కూర్చుంది.