జంటబండ దగ్గరి తెల్లపువ్వు

కాపురానికొచ్చిన మొదటి శరత్తులో శిగెనో ఒక తప్పు చేసింది. మొగుడు తొకుజిరో వెనకాలే నక్కి నక్కి కొండెక్కింది. మత్సుతాకె పుట్టగొడుగులు మొలిచే చోటు ఆ ఊళ్లో ఎవరూ ఎవరికీ చెప్పరు. కన్నబిడ్డకైనా ప్రాణం పోయేముందే చెబుతారు. జంటబండ దగ్గర అతను వంగి ఆకులు తొలగించడం చూసి, చప్పుడు కాకుండా దిగి వచ్చేసింది.

తర్వాత నలభై రెండేళ్లు అటు తొంగి చూడలేదు. తన వెంటపడి ఇంకెవరైనా ఆ చోటు కనిపెడతారని భయం. మొగుడి గుట్టు తన దగ్గరా ఉందన్న మురిపెంతోనే వరి నాటింది, అత్తగారిని సాగనంపింది, అతను తెచ్చిన పుట్టగొడుగుల మట్టి తుడిచింది.

నలభై రెండో ఏడు వేసవిలో తొకుజిరోకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. చలికాలం దాటడని వైద్యుడు చెప్పాడు. మత్సుతాకె వాసన అతనికి ఒక్కసారి చూపించాలని, శరత్తు రాగానే శిగెనో కొండెక్కింది.

ఆకుల కింద తెల్లగా ఏవో పొడుచుకొస్తున్నాయి. తీరా తీస్తే మత్సుతాకెలా బొటనవేలంత బలమైన కాడ లేదు, వాసన లేదు. మైనంలా మెత్తగా, తల వాల్చుకుని, రేకలతో ఉంది. చుట్టూ వెతికినా అవే. ఒకటి పట్టుకుని జంటబండ దారిలో దిగుతుంటే పక్కింటి హరుయె ఆపింది.

"ఇది పువ్వు వదినా. ఒంట్లో పచ్చదనం లేక, నేల్లో బూజుదారాల్ని పీల్చుకుని బతుకుతుంది. జంటబండ దగ్గర మత్సుతాకె కోసం వెతికావా? అది మొలిచేది పైన్ చెట్ల కిందే. అక్కడన్నీ ఓక్ చెట్లేగా, పైన్ ఒక్కటైనా ఉందా?"

ఆనాడు శిగెనో చెట్లను చూడలేదు. అతని వీపునే చూసింది.

ఇంటికొచ్చేసరికి పువ్వు నల్లబడింది. అతని అరచేతిలో పెట్టింది.

"జంటబండ దగ్గరిది. నేను వెనకాల వస్తున్నానని మీకు ఆ రోజే తెలుసు కదూ?"

తొకుజిరో కళ్లు మూసుకున్నాడు. చెంప తడిసింది. కాసేపటికి బాగున్న ఎడమచేత్తో దుప్పటి మీద గీత గీయసాగాడు. వాగు, మలుపు, గట్టు, అసలు చోటికి దారి. శిగెనో ఆ వేలు పట్టుకుని ఆపింది.

"ఇప్పుడొద్దు లెండి," అని చెయ్యి దుప్పటి కిందికి చేర్చింది.

తొలిమంచుకే అతను పోయాడు. మరుసటి శరత్తులో ఆమె ఎప్పుడు కొండెక్కుతుందా అని ఊరంతా కనిపెట్టుకుని కూర్చుంది. ఆమె పెరట్లో ముల్లంగి విత్తనాలు చల్లుకుంటూ ఉండిపోయింది.