ఏడో సూది, నాలుగు రొట్టెలు

మూడేళ్ళ కిందట, డిసెంబరు రెండో శనివారం, ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు నా పతనం మొదలైంది. అప్పటికి నా వయసు డెబ్బై ఒకటి. చిన్నతనం. ఆ సాయంత్రం నాలుగున్నరకల్లా మూడు ఊళ్ళలో నా పరువు పోయింది. ఊరికే పోలేదు. మదనపల్లెలో బస్సెక్కి, పుంగనూరులో దిగి, మళ్ళీ ఎక్కి, కుప్పం దాకా స్వయంగా వెళ్ళి మరీ పోగొట్టుకొచ్చాను.

నా సంగతి ముందు చెప్పాలి. నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఆపరేషన్ థియేటర్లో నర్సును. నా పని లెక్క. కడుపు కోసే ముందు సూదులెన్ని, గుడ్డలెన్ని. కుట్లు వేసే ముందు సూదులెన్ని, గుడ్డలెన్ని. లెక్క కుదిరేదాకా ఎంత పెద్ద డాక్టరైనా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ముప్పై ఒక్క ఏళ్ళలో నా లెక్క ఒక్కసారీ తప్పలేదు. ఈ ముక్క గర్వంగానే చెబుతున్నాను. ఇంకాసేపట్లో ఆ గర్వం ఉండదు.

రిటైరయ్యాక చలికాలపు శని, ఆదివారాలకు రెండు పనులు పెట్టుకున్నాను. ఒకటి రొట్టెలు కాల్చడం, రెండోది పాత చీరల ముక్కలతో బొంత కుట్టడం. నవంబరు మొదటి శనివారం మొదలు, ఫిబ్రవరి చివరి ఆదివారంతో సరి. మదనపల్లె చలిలో, ఓవెన్ పక్కన కుర్చీ వేసుకుని, కుడుతున్న బొంతనే ఒళ్ళో కప్పుకుని కూర్చుంటే రాణీగారి బతుకు. బొంతకు అటు చివర నా మరదలు ఎస్తేరు కూర్చుంటుంది. మా ఇంట్లోనే ఉంటుంది, నా కళ్ళకు దారం ఎక్కడం లేదని పొద్దున్నే ఏడు సూదులకూ దారం ఎక్కించి దిండుకు గుచ్చి పెడుతుంది. ఆ ఏటి బొంత కుప్పంలో ఉన్న మా గ్రేసమ్మకు, క్రిస్మస్ కానుక. గ్రేసమ్మ నాకంటే పదకొండేళ్ళు పెద్ద, నాకు థియేటర్ పని నేర్పిన మనిషి.

ఇక రొట్టెల విధానం. వారానికి నాలుగు. మైదా తూచి, నీళ్ళు కొలిచి, పిసికి, సరిగ్గా గంటా నలభై నిమిషాలు పొంగనిస్తాను. అలారం మోగితే అంతే.

"వదినా, పిండి ఇంకా పొంగలా. చలికి ముడుక్కుని ఉండాది" అంటుంది ఎస్తేరు.

"అది పిండి తప్పు. గడియారం తప్పు కాదు" అంటాను నేను.

ఆ శనివారం కూడా అలాగే జరిగింది. పిండి పిసికే బల్లా, బొంత కుట్టే బల్లా మా ఇంట్లో ఒక్కటే. ఐదూ నలభైకి పిసికి మూతపెట్టి, కుట్టుకు కూర్చున్నాను. ఏడూ ఇరవైకి అలారం మోగింది. నూట పన్నెండో ముక్క దగ్గర ఆపి, ఆ సంఖ్య నా నోటు పుస్తకంలో రాసి లేచాను. ఆ పుస్తకంలో ముందు నుంచి బొంత లెక్క, వెనక నుంచి రొట్టెల లెక్క. పిండిని నాలుగు భాగాలు చేసి, చుట్టి, రెండేసి చొప్పున కాల్చాను. పదీ పదికి అయిపోయాయి. ఒకటి పక్కింటి రెడ్డెమ్మకు ఇచ్చాను. మా పాస్టరుగారు శనివారాలు కుప్పంలో కూటానికి కారులో వెళతారు. దారిలో పుంగనూరులో మా చెల్లెలు సరోజకు ఒకటి, కుప్పంలో గ్రేసమ్మకు ఒకటి ఆయన చేతికిచ్చి పంపాను. నాలుగోది మాకు.

పదకొండు గంటలకు సూదులు లెక్కపెట్టాను. ఆరు.

మళ్ళీ లెక్కపెట్టాను. ఆరే.

"పొద్దున ఎన్ని ఎక్కించినావు?"

"ఏడు వదినా. కావాలంటే నీ పుస్తకంలో సూడు."

"పుస్తకం ఎందుకు? ఏడని నాకు నోటికి రాదా?"

బొంత దులిపాం. బల్ల కింద ఊడ్చాం. ఫ్రిజ్ తలుపుకున్న మామిడికాయ ఆకారపు అయస్కాంతం పీకి, రోగి ఛాతీ మీద డాక్టరు గొట్టం పెట్టినట్టు బొంతంతా ఆనించి చూశాం. సూది పలకలేదు. అప్పుడు ఎస్తేరు బల్ల వంక చూసింది, ఓవెన్ వంక చూసింది, నా వంక చూసింది.

"వదినా... పిండిలో గానీ..."

రెండున్నర అంగుళాల బొంత సూది. గ్రేసమ్మకు ఎనభై రెండేళ్ళు. రెండు కళ్ళకూ శుక్లాలు. నోట్లో పళ్ళు లేవు. ఆమె నమలదు, టీలో ముంచి మింగుతుంది.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆమె ఫోను దిండు కింద ఉంటుంది, ఆమె వరండాలో ఉంటుంది. పాస్టరుగారి ఫోను కూటం కోసం ఆపేసి ఉంది. సరోజ ఎత్తింది.

"ఆ రొట్టె కోయొద్దు. నేను వస్తాండా."

"యాల అక్కా?"

"వచ్చి చెప్తా."

రొట్టెలో సూది ఉందని ఫోనులో చెప్పడానికి నోరు రాలేదండీ. ముప్పై ఒక్క ఏళ్ళ పేరు!

మా వాటా రొట్టెను ముక్కలు ముక్కలు చేశాం. లేదు. పక్కింటికి పరిగెత్తాం.

"రెడ్డెమ్మా, రొట్టె ఏదమ్మా?"

"శానా బాగుండిందమ్మా! ఇచ్చీ ఇయ్యకముందే పిలకాయలు తినేసినారు."

"మొత్తమా?"

"మొత్తం! పొడి గూడా మిగల్లేదు."

"అందులో సూది ఉండాది రెడ్డెమ్మా!"

ఆమె మొహం తెల్లబడింది, మళ్ళీ మామూలయింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "ఉండమ్మా, నిజం జెప్పేస్తా. ఎవురూ తిన్లేదు" అంది. అల్మారా మీద నుంచి రొట్టె దించింది. దాని పక్కనే పోయిన వారంది. అంతకు ముందు వారంది వాకిలి తలుపు గాలికి కొట్టుకోకుండా కింద అడ్డం ఉంది. "రెండు వారాలాయె, తలుపు కదల్లేదు సూడు. అదొకటి మంచిగుండాది" అని మెచ్చుకుంది కూడా.

కత్తి దిగలేదు. కొడవలి తెచ్చారు. సూది లేదు.

సూది కోసం సోదికి పోతే పాత గుట్టు బయటపడిందంటారు. మేం చర్చికి పోయేవాళ్ళం, సోది జోలికి పోం. అయినా నా పాత రొట్టెలన్నీ బయటపడడం మొదలైంది.

పన్నెండింటి బస్సుకు ఎస్తేరూ నేనూ పుంగనూరు చేరేసరికి ఒంటి గంట దాటి ఐదు నిమిషాలు. సరోజ గేటు దగ్గరే నిలబడి ఉంది. వెనక వాళ్ళ బుజ్జి, పుంగనూరు జాతి పొట్టి ఆవు, నా నడుము ఎత్తు కూడా ఉండదు. దాని ముందు కుడితి తొట్టి. తొట్టిలో తేలుతూ నా రొట్టె.

"సరోజా! ఏందే ఇది?"

"నువ్వే గదక్కా కోయొద్దంటివి. కోయలేదు. అట్లే నానేసినా."

"నేను పంపేది ఆవుకా?"

"కోపం జేసుకోవద్దక్కా. దీనికి నీ రొట్టంటే ప్రాణం."

"తింటుందా?"

"నాకుతుంది."

పక్కన ఎస్తేరు ముఖం అటు తిప్పుకుంది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. మోచేతుల దాకా కుడితిలో పెట్టి ఆ రొట్టెను పిసికాను. గంటన్నర నానినా నడుమ పొడిగానే ఉంది. సూది లేదు. బుజ్జి నా వైపు చూసి నిట్టూర్చింది. అబద్ధం కాదు, నిట్టూర్చింది.

లెక్క సులువు. నాలుగులోంచి మూడు పోతే ఒకటి. ఆ ఒకటి కుప్పంలో ఉంది.

పుంగనూరు నుంచి పలమనేరు, అక్కడి నుంచి కుప్పం. బస్సులో నోటు పుస్తకం వెనక వైపు తెరిచి, 'రొట్టె 1, లేదు. రొట్టె 2, లేదు. రొట్టె 3, లేదు' అని రాశాను. నాలుగో అంకె వేసి, దాని పక్కన ఏమీ రాయలేక మూశాను. గ్రేసమ్మకు ఇరవై మూడు సార్లు ఫోన్ చేశాను. ఎస్తేరు నా చెయ్యి పట్టుకుని, "ఏం కాదు వదినా. ఈ లోకంలో నీ రొట్టె ఎవురూ తినరు, దేవుని దయ" అంది. ఓదార్పు మాటలు చాలా విన్నాను గానీ ఇలాంటిది ఇదే మొదలు.

నాలుగూ పదికి గ్రేసమ్మ వాకిట్లో నిలబడ్డాం. ఆమె వరండాలో ఎండకు కూర్చుని ఉంది. పక్కన టీ గ్లాసు, ఖాళీది. పళ్ళెంలో రొట్టె. అందులో సగం లేదు.

"గ్రేసక్కా! రొట్టె ఎవరు తిన్నారు?"

"నేనే. యాల? ఇంగెవురుండారు ఈడ?"

"సగమా!"

"ఒంటిగంట నుంచీ తింటాండా. టీ మూడు గ్లాసులైంది."

మిగిలిన సగం పొడి చేశాను. లేదు. అంటే సూది గ్రేసమ్మ కడుపులో ఉంది. ఎస్తేరు ఫోను టార్చి వెలిగించింది. నేను గ్రేసమ్మ గడ్డం పట్టి నోరు తెరిపించి, నాలుక పక్కకు నెట్టి గొంతులోకి చూశాను. ఆమె నోరు తెరిచే తిట్టింది. ఆ తిట్లు నాకు అర్థం కాకపోవడం మేలే.

"అక్కా, గొంతులో గుచ్చుకుంటాందా? కడుపులో నొప్పా?"

"నొప్పి నా దవడకే. నీ రొట్టెకు ఎప్పుడూ ఉండేదే గదా."

"రొట్టెలో సూది పడింది అక్కా. నా చేతులతో నేనే..." అని ఇంక చెప్పలేకపోయాను. ఏడుపొచ్చింది. ఆటో పిలవమని ఎస్తేరుకు చెప్పాను. ఎక్స్‌రే తీయించాలి. డాక్టరు అడుగుతాడు: ఎప్పుడు మింగారు, సూది పొడవెంత, లావెంత. లెక్కలు సిద్ధంగా ఉండాలని సంచిలోంచి నోటు పుస్తకం తీసి, ఈసారి ముందు వైపు, బొంత లెక్క ఉన్న వైపు తెరిచాను.

గ్రేసమ్మ కళ్ళు చికిలించి ముందుకు వంగింది. రెండు కళ్ళకూ శుక్లాలున్న మనిషి.

"ఆ కాగితంలో మెరుస్తాండేది ఏందే?"

నూట పన్నెండో ముక్క అని రాసిన పేజీలో, ఆ అంకె పక్కనే, నేను కుట్టు ఎక్కడ ఆపానో గుర్తుండాలని, దారంతో సహా శుభ్రంగా రెండు పోట్లు గుచ్చి పెట్టి ఉంది. ఏడో సూది.

వాకిట్లో ఆటో వచ్చి ఆగింది.

"నువ్వు పోప్పా," అంది గ్రేసమ్మ ఆటో అతనితో. "పేషెంటు బాగుండాది. నర్సుకే బాగలేదు."

ఆ తర్వాత ముగ్గురం చాలాసేపు నవ్వాం. నేను కొంచెం ఏడుస్తూ నవ్వాను. ప్రాణం కుదుటపడ్డాక, పడిపోయిన పరువును కాస్త నిలబెట్టుకుందామని, "పోనీలే, నువ్వన్నా నా రొట్టె ఇష్టంగా తింటావు" అన్నాను.

"ఇష్టమని ఎవురు జెప్పినారు?"

"మరి యాల తింటావు?"

"నువ్వు పంపిస్తివి గదా. నీ చేతిది పారేసేదానికి మనసు రాదు." టీ గ్లాసు పక్కకు జరిపింది. "థియేటర్లో నీకు లెక్క నేర్పింది నేనే. ఆడ లెక్క కావల. పిండికి గడియారం తెలీదే పిచ్చిదానా. అది పొంగిందాకా నువ్వే కాసుకోని ఉండల్ల."

ఆ మాట ఎస్తేరు నాకు మూడు చలికాలాలుగా చెబుతోంది. కానీ సొంత మరదలు చెబితే వినే వదిన ఏ ఊళ్ళో ఉంది?

ఆ తర్వాతి శనివారం పిండి రెండు గంటల యాభై నిమిషాలు పొంగింది. నేను గడియారాన్ని గోడ వైపు తిప్పి పెట్టి కూర్చున్నాను. (ఆ నిమిషాలు ఎస్తేరు చూసి చెప్పింది, నేను చూడలేదు.) రొట్టె మెత్తగా వచ్చింది. రెడ్డెమ్మ మాత్రం కాస్త నిరాశపడింది, తలుపుకు వేరే అడ్డం వెతుక్కోవాలి కదా.

క్రిస్మస్ నాడు బొంత గ్రేసమ్మ కాళ్ళ మీద కప్పి, నా నోటు పుస్తకం మీద చెయ్యి వేసి, ఎస్తేరు సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ చేతులతో ఇక ఏ సూదినీ ఏ పేజీలోనూ గుచ్చను, ఏ లెక్కా పుస్తకం చూడకుండా నోటితో చెప్పను, పొంగని పిండిని పొంగిందని గడియారం మాట నమ్మను. ఆమేన్.

ఆ రోజు పోయినవి:

రొట్టెలు, మూడున్నర.
గ్రేసమ్మ తిన్నది, అర. అది పోయినట్టు కాదు.
పగలు, ఐదున్నర గంటలు.
ముప్పై ఒక్క ఏళ్ళ పేరు, ఒకటి.
సూదులు, ఏమీ లేవు. ఏడు. రెండుసార్లు లెక్కపెట్టాను, పుస్తకం చూసి.