అమ్మ పేరు కలిపి కూడితే

మస్కట్‌లో మా రూమ్‌లో ఎవరికి జబ్బుచేసినా, కడప చాచా మంచం అంచున కూర్చుని ముందు అడిగేది ఒకటే. "మీ యమ్మ పేరేమి నాయనా?"

అరబ్బీలో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉందనేవాడు. అలిఫ్ ఒకటి, బే రెండు. రోగి పేరూ, తల్లి పేరూ కలిపి కూడితే మనిషి తేరుకుంటాడో లేదో తెలుస్తుందట. "యూదులు గూడా వాళ్ల హీబ్రూ అక్షరాల్ని ఇట్లే కూడతారు. అక్షరం ఊరికే పుట్టలేదప్పా," అనేవాడు. మా కరీంనగర్ లచ్చవ్వల, రాజవ్వల పేర్లను పెదవుల మీదే అరబ్బీలోకి మార్చుకుంటూ, బొటనవేలితో వేళ్ల కణుపులు తడిమేవాడు. చివరికి ఎవరికైనా ఒకటే మాట: "మంచిదే వచ్చింది."

సైట్‌లో పరంజా మీంచి పడిన మల్లేశుకూ అదే చెప్పాడు. మల్లేశు బతకలేదు. ఆ తర్వాత కూడా చాచా లెక్క మానలేదు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

కొన్నాళ్లకు చాచాకే కాలేయం చెడి బౌషర్ ఆసుపత్రిలో పడ్డాడు. డ్యూటీ దిగి వెళ్లాను. ఏం మాట్లాడాలో తోచక, "మీ అమ్మ పేరేంది చాచా?" అన్నాను.

"హుసేన్‌బీ," అన్నాడు, ఎన్నో ఏళ్లుగా పలకని పేరులా.

నాకు అలిఫ్, బే దాటి ఏ అక్షరం విలువా తెలియదు. అయినా కణుపులు తడిమి, "మంచిదే అచ్చింది చాచా," అన్నాను.

"మొత్తం ఎంతొచ్చె?"

నేను మళ్లీ మొదటి కణుపు నుంచి తడమబోయాను. ఆయన నా చెయ్యి దగ్గరకు తీసుకుని, వేళ్లు మెల్లగా మడిచాడు.

"మల్లేశుకు నేనూ ఇట్లే కూడితి లే," అన్నాడు.