మంట ఊదడం కోసం మీసం తీసిన రోజు

1998 డిసెంబరు 12, శనివారం, సాయంత్రం ఐదున్నర గంటలకు విజయవాడ పటమటలో ఒక పెళ్లి ఊరేగింపు చూస్తూ రోడ్డు పక్కన నిలబడిపోయాను. బ్యాండు మేళానికి ముందు నడుస్తున్న ఒక నడివయసు మనిషి కిరసనాయిలు పుక్కిటబట్టి, చేతిలోని కాగడా మీదికి ఊదాడు. మనిషెత్తు మంట లేచింది. అతని పెదవి కూడా కమలలేదు.

మా వంశంలో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి నేను. అప్పటికి ఒక ట్యుటోరియల్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఆ మంట నోట్లోకి ఎందుకు తిరిగి రాలేదన్న ప్రశ్న నన్ను రాత్రంతా వదలలేదు.

ఊదినాయన మోటార్లకు వైండింగు చేసే సాయిబని బ్యాండువాళ్లు చెప్పారు. మర్నాడు దుకాణానికి వెళ్లి అడిగాను.

"చెప్తే తెలీదు సారూ, ఊదితే తెలుసుద్ది. ఊదుతారా?" అని నవ్వాడు.

మొదట మంచినీళ్లతో సాధన. దుకాణం వెనక గోడ మీదికి ఊదాలి. నా నోటి నుంచి తుంపర రాదు, ధార వస్తుంది.

"ఇది ఊదటం కాదు సారూ, మొక్కలకి నీళ్లు పెట్టటం!"

ఒక సాయంత్రం, ఎండ వీపు మీద పడుతుండగా, నీళ్లు పొగలా తేలాయి. అందులో క్షణంపాటు ఏడు రంగులు కనిపించాయి. తరగతిలో పట్టకంతో చూపించే రంగులు నా నోటి ముందే పుట్టడం నాకు వింతగా అనిపించింది.

"ఇంక నిప్పు పెట్టొచ్చు. ఆదివారం మీసం తీసేసి రండి. అందులో తుంపర చిక్కితే అక్కడే అంటుకుంటది" అన్నాడు సాయిబు, అప్పటికి నాకు ఉస్తాద్.

నేను గతుక్కుమన్నాను. మా వైపు తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయడు. తీస్తే తండ్రి పోయాడని అర్థం.

"మా నాన్న ఉన్నారండీ."

"అయితే ఆయన్ని అడగండి. కాదంటే మానేద్దాం. పెద్దల మనసు నొప్పించి నేర్చుకునేది కాదిది."

ఆ ఆదివారం పొద్దున్నే మైలవరం దగ్గర మా ఇంటికి వెళ్లాను. అన్నం తింటున్న మా నాన్న ముందు విషయమంతా చెప్పాను.

"ఉద్యోగానికి కావాలా?" అన్నారు.

"కాదు నాన్నా."

"మరెందుకురా?"

"ఎట్లా ఉంటుందో తెలుసుకుందామని."

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "మనిషి నిక్షేపంలా కూర్చుని తింటుంటే అవేం మాటల్రా? నిన్ను చదివించింది ఇందుకా?"

నాన్న మజ్జిగ అన్నం పూర్తిచేశారు. తర్వాత చెయ్యి కడుక్కుంటూ, "నేనూ వస్తా పద. పక్కన నేనుంటే పోయాడని ఎవడంటాడు?" అన్నారు.

పటమటలో మంగలి నా పైపెదవికి సబ్బు రాసి, కత్తి పట్టుకుని ఆగిపోయాడు. "పెద్దాయన ఎప్పుడు పోయారండీ?"

"ఇంకా పోలేదయ్యా," అన్నారు పక్క కుర్చీలోంచి మా నాన్న. "వాడిది కానిచ్చి నాకూ గడ్డం చెయ్యి."

సాయంత్రం కాలువ గట్టు మీద ఉస్తాద్ గాలివాటు చూసి, తడి గోనెసంచి పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. ఊదాను. ముందు చప్పుడు వినిపించింది, పెద్ద టార్పాలిన్ గాలికి కొట్టుకున్నట్టు. ఆ తర్వాత ముఖానికి వేడి తగిలింది, కొత్తగా బోడిదైన పైపెదవికి మరీ ఎక్కువగా. అప్పటికే మంట లేదు.

మా నాన్న గబగబా దగ్గరికి వచ్చారు. "నోరు కాలిందా?"

"లేదు నాన్నా. చల్లగా ఉంది."

"చల్లగానా! ఏదీ, తెరువు." గిత్త పళ్లు చూసినట్టు నా నోట్లోకి తొంగిచూశారు. "మరి మంట వెనక్కెందుకు రాలేదురా?"

మంట వెనక్కి పాకే వేగం కంటే తుంపర ముందుకు పోయే వేగం ఎక్కువని చెప్పాను. ఆయన ఆలోచించి, "ఊదటం ఆపేటప్పుడో?" అన్నారు. అక్కడే అసలు ప్రమాదమనీ, అందుకే చివరిదాకా బలం తగ్గకుండా ఊది నోరు మూసేయాలనీ ఉస్తాద్ చెప్పాడు.

అంతకుముందు మా నాన్న నా చదువు గురించి గానీ, నేను చెప్పే పాఠాల గురించి గానీ ఒక్క ప్రశ్న కూడా వేసి ఎరుగరు. ఆ ఆదివారం తర్వాత, నేను ఇంటికి వెళ్లినప్పుడల్లా, ఆ వారం ఏం పాఠం చెప్పావని అడగడం మొదలుపెట్టారు.