చల్లటి ఇంజన్ అడిగిన ఉస్తాద్

మా గల్లీ చివరి షెడ్డులో కార్లు బాగుచేసే ఉస్తాద్ పోయిన మంగళవారం చనిపోయారు. కాలేజీ నుంచి వస్తూ యాకుత్‌పురా స్టేషన్‌లో దిగగానే మా పక్కింటి ఆటో అన్న చెప్పాడు. నేను వెంటనే నమ్మలేదు. ఎవరు చెప్పారు, నువ్వు కళ్లతో చూశావా అని రెండుసార్లు అడిగాను. అట్లా అడగడం నేను ఉస్తాద్ దగ్గరే నేర్చుకున్నాను. బండి మంచిగ ఉందని ఎవరైనా అంటే చాలు, ఆయనకు అనుమానం మొదలయ్యేది.

కానీ మొదట అనుమానించింది మేమే. అది దాచిపెట్టి ఆయన గురించి రాయలేను.

మా బాపుకు ఒక పాత పెట్రోలు కారు ఉండేది. పెండ్లిళ్లకు, దవాఖానాలకు, యాత్రలకు కిరాయికి తిప్పేవాడు. ఇంటిల్లిపాదీ దాని మీదే బతికాం. బాపు చదువుకోలేదు, అమ్మా చదువుకోలేదు. కాగితం చూస్తే బాపుకు భయం, మెకానిక్‌ను చూస్తే అనుమానం. మంచి సామాను విప్పుకొని పాతది బిగిస్తారని ఎక్కడో విన్నాడు. అందుకే బండి రిపేరుకు ఇచ్చే ముందు అమ్మ గోళ్ల రంగుతో ఇంజన్ సామాన్ల మీద చుక్కలు పెట్టేవాడు. ఉస్తాద్ వాటిని చూసి కోపం తెచ్చుకోలేదు. "మీ బాపు ఇంజన్‌కు బొట్టు పెట్టి పంపిండు బేటీ, పెండ్లిపిల్ల లెక్క" అని నవ్వి, చుక్క చెరగకుండా పక్కనుంచి పట్టుకొని విప్పేవారు.

నేను తొమ్మిదో తరగతి అయిపోయి సెలవుల్లో ఉన్నాను. ఒక పొద్దున బాపు కారు స్టార్ట్ చేయగానే, డబ్బాలో గొలుసు వేసి ఊపినట్టు ఇంజన్ ముందువైపు నుంచి గలగలమంది. నాలుగైదు సెకన్లకు ఆగిపోయింది. మా ఇంటి ముందు నుంచి పోతున్న ఉస్తాద్ నిలబడి, టైమింగ్ చైన్ వదులైంది, మార్చాలి అన్నారు. ఇంజన్ కింది ఇరుసును, పైన వాల్వులను తెరిచి మూసే ఇరుసును తాళం తప్పకుండా కలిపి తిప్పే గొలుసు అది. తెగితే బండి ఉన్నచోటే ఆగిపోతుంది. వాల్వులు కూడా వంగిపోవచ్చు.

బాపు నమ్మలేదు. చప్పుడు ఆగిపోయింది కదా అన్నాడు. పైగా వారం రోజుల్లో శ్రీశైలం కిరాయి ఉంది. నెలల పాపతో ఒక కుటుంబాన్ని ఘాట్ రోడ్డు మీద తీసుకుపోతానని మాట ఇచ్చాడు.

మరునాడు బండిని అసలు స్టార్ట్ చేయకుండా, తోసుకుంటూ షెడ్డుకు తెమ్మని ఉస్తాద్ అడిగారు. దానితో బాపు అనుమానం రెట్టింపయింది. స్టార్ట్ చేయొద్దంటున్నాడంటే ఏదో మతలబు ఉందనుకొని, చార్మినార్ దాకా ఒక చుట్టు తిప్పి తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. మళ్లీ స్టార్ట్ చేశాడు. ఏ చప్పుడూ లేదు.

"ఏది ఉస్తాద్ నీ చైన్? నాకైతే ఇనపడ్తలేదు," అన్నాడు, అక్కడున్న నలుగురూ వినేట్టు.

ఉస్తాద్ బానెట్ మీద అరచెయ్యి పెట్టి తీసేశారు. "రేపు తీసుకరా భాయ్," అన్నారు, అంతే.

బాపు దొంగను పట్టుకున్నట్టే ఇంటికి వచ్చాడు. నన్ను పిలిచి, చదువుకున్నదానివి, నోటుబుక్కు పట్టుకొని షెడ్డు దగ్గర కూర్చో, అతను ఏం చేస్తాడో రాసుకొని రా అన్నాడు. నాలుగు రోజులు కూర్చున్నాను. హోంవర్కు చేస్తున్నట్టు నటించాను.

ఉస్తాద్ ప్రతి బండి నూనెను రెండు వేళ్ల మధ్య రుద్ది, ఎండలో పెట్టి ఇనుప రజను మెరుస్తుందేమో చూసేవారు. నూనె తక్కువైతే ఎవరినైనా తిట్టేవారు. చైన్‌ను బిగపట్టే టెన్షనర్‌కు బలం నూనెదేనని, అది నల్లబడేదాకా ఉంచితే చైన్ అరుగుతుందని చెప్పేవారు. స్టార్ట్ చేయగానే రేసు ఇవ్వనిచ్చేవారు కాదు. "పొద్దున ఫస్ట్ పది సెకన్లు రేడియో బంద్ చేసి ఇను" అని అందరికీ చెప్పేవారు. తీసేసిన పాత సామాను పేపర్లో చుట్టి యజమాని చేతికే ఇచ్చేవారు. మోసం అని రాయడానికి నాకు ఒక్కటి కూడా దొరకలేదు.

నాలుగో రోజు ఆయన తల ఎత్తకుండానే అన్నారు: "రాసిందంత మీ బాపుకు చదివి చెప్పు బేటీ. నా కోసం ఏం కలపకు, ఏం తియ్యకు."

నాకు తల కొట్టేసినట్టయింది. ధైర్యం చేసి, చల్లటి ఇంజనే ఎందుకని అడిగాను. రాత్రంతా ఆగితే టెన్షనర్‌లోని నూనె కిందికి దిగిపోతుందట. మళ్లీ నూనె అందేదాకా వదులైన చైన్ కొట్టుకుంటుంది, నూనె అందినాక చప్పుడు ఆగిపోతుంది. బాపు చార్మినార్ దాకా తిప్పిన చుట్టు ఏం చేసిందో అప్పుడు అర్థమైంది. జరిగింది చెప్పేశాను.

"తెల్సు. బానెట్ రొట్టెల పెనం లెక్కుండె."

"మరి అప్పుడే ఎందుకు అనలేదు చాచా?"

"నలుగుర్ల మీ బాపును జూటా మనిషిని చెయ్యాల్నా?"

శ్రీశైలం ప్రయాణం ఇంకా రెండు రోజులే ఉంది. ఇంట్లో నోటుబుక్కు చదివితే, నిన్ను కూడా మాటల్లో పడేశాడని బాపు కసిరాడు. అప్పుడు నేను, ఆయన మాట వద్దు, నా మాటా వద్దు, నీ కళ్లతో చూడు అన్నాను. బాపు ఒప్పుకున్నాడు, ఉస్తాద్ బండిని ముట్టకూడదన్న షరతు మీద.

మరునాడు పొద్దున మా ఇంటి ముందే చూశాం. ఉస్తాద్ ఎదుటి గోడ దగ్గర, చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డారు. ఆయన చెబుతుంటే బాపే ప్లగ్గులు విప్పాడు, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి లోపలి రోటర్ మీద చూపు నిలిపాడు. నేను ముందున్న పుల్లీ బోల్టుకు పెద్ద పానా వేసి రోటర్ కదిలేదాకా తిప్పాను, తర్వాత మెల్లగా ఉల్టా తిప్పాను. పుల్లీ కింది ఇరుసుది, రోటర్ పై ఇరుసుతో తిరిగేది; చైన్ బిగువుగా ఉంటే పుల్లీతో పాటే రోటర్ కదలాలి.

"తిప్పుతున్నవా?" అన్నాడు బాపు.

"తిప్పుతున్న బాపు."

పుల్లీ బొటనవేలు వెడల్పు జరిగింది. రోటర్ కదల్లేదు. బాపు నన్ను పక్కకు జరిపి, పానా తనే పట్టుకొని మూడుసార్లు చూశాడు. నాలుగోసారి పానా కింద పెట్టేశాడు. ఉస్తాద్ ముఖం చూడకుండానే, "ఎన్ని దినాలు పడ్తది?" అని అడిగాడు.

ఆ రాత్రికల్లా చైన్, టెన్షనర్, పళ్ల చక్రాలు అన్నీ మార్చారు. చైన్‌ను కప్పే మూత లోపలివైపు అది రాసుకొని మెరిసే గాడి పడి ఉంది. పాత చైన్‌ను ఉస్తాద్ పక్కకు వాల్చి అడ్డంగా పట్టుకుంటే విల్లులా వంగిపోయింది; కొత్తది అట్లా వంగలేదు. బాపు శ్రీశైలం పోయి, ఆ పాపను క్షేమంగా ఇంటికి చేర్చాడు. అయినా ఆ తర్వాత కూడా చుక్కలు పెట్టడం మానలేదు. ఉస్తాద్ మానమని అననూ లేదు.

ఆ మంగళవారం సాయంత్రం మా మిద్దె మీది నుంచి ఉస్తాద్ జనాజా, ఆయన చివరి యాత్ర, చూశాను. గల్లీ మగవాళ్లంతా వంతులవారీగా నాలుగడుగులు భుజం పట్టి తప్పుకుంటున్నారు. బాపు ముందువైపు భుజం పట్టాడు. వెనకవాళ్లు వంతు కోసం వచ్చి మూడుసార్లు వీపు తట్టారు. బాపు తల అడ్డంగా ఊపి, జనాజా మోసే కట్టెను రెండు చేతులతో పట్టుకున్నాడు. గల్లీ మలుపు తిరిగేదాకా ఆ భుజం మారలేదు.