నాగమణి గారి వియత్నాం పుదీనా

నిన్న సాయంత్రం చందువా చేపల పులుసు దించబోయే ముందు, వెనక వసారా పక్కనున్న తొట్టిలోంచి నాలుగు చివుళ్లు గిల్లి తెచ్చాను. వేళ్ల మధ్య నలిగీ నలగకముందే వాసన లేచింది. మొదట కొత్తిమీర అనిపిస్తుంది. ఆ వెంటనే దబ్బతొక్క గిల్లినట్టు ఒక పులుపు. చివరికి ముక్కు లోపల సన్నటి కారం. ఆకులు పులుసు మీద వేసి మూత పెట్టేశాను గాని పొయ్యి దగ్గర నుంచి కదలబుద్ధి కాలేదు. నాగమణి గారు పోయి రెండేళ్లు దాటింది. ఈ మొక్క ఆవిడ పెరట్లోని రెమ్మ నుంచి వచ్చిందే.

వియత్నాం పుదీనా అంటాం గాని పుదీనాతో దీనికి చుట్టరికం లేదు. ఆకు పొడుగ్గా, కొనదేరి ఉంటుంది. మధ్యలో ఎవరో కాటుక వేలితో గీసినట్టు ముదురు మచ్చ. ఎర్రటి కాడ కణుపు కణుపుకూ వేళ్లు దింపుకుంటూ నేలమీద పాకిపోతుంది. తెలియనివాళ్లు చూస్తే కాలువ గట్టు మీది కలుపు అనుకుంటారు. మా ప్రాంతంలో దీన్ని పెంచే ఇళ్లు నాకు తెలిసినంతలో రెండే. ఒకటి నాగమణి గారిది, రెండోది మాది. ఇప్పుడు మాదొక్కటే.

ఫిషరీస్‌లో డిగ్రీ చేసి భీమవరం దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. చెరువుల నుంచి వచ్చిన సరుకును లోపలికి తీసుకోవాలా, వెనక్కి పంపాలా అన్నది తేల్చేది నాగమణి గారే. అప్పటికి ఆవిడ నలభై ఎనిమిది, యాభై మధ్య ఉంటారు. అంతర్వేది వైపు చేపలవాళ్ల కుటుంబం. వాళ్లమ్మ తలమీద గంప పెట్టుకుని ఊళ్లు తిరిగి చేపలు అమ్మేది. ఆ గంప పక్కనే పెరిగి, అయిదో తరగతితో చదువు ఆపేసి, మొదట రొయ్యలు వలిచే బల్ల దగ్గర కూలికి చేరి, కేవలం ముక్కు బలం మీద అంత దూరం వచ్చారు. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కతే కూతురు, పెళ్లయి కాకినాడలో ఉండేది.

నా మొదటి రోజున థర్మామీటరు, ఫారాలు చేతిలో పట్టుకుని చాలా తెలిసినదానిలా నిలబడ్డాను. నాగమణి గారు ఒక చిన్న గిన్నెలో నాలుగు రొయ్యలు ఉడకబెట్టించి, మూత కాస్త పక్కకి జరిపి, ఒక్కసారి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నారు. చెరువులో బురద వాసన పట్టిందని, నీళ్లు మార్చి కొన్నాళ్లు ఆగి పట్టుకోమని రైతుకు చెప్పి పంపేశారు. నాకు ఏ వాసనా తెలియలేదు. గిన్నె మీదికి వంగి మళ్లీ మళ్లీ పీలుస్తుంటే ఆవిడ నా భుజం పట్టుకుని వెనక్కి లాగారు.

"మూడుసార్లు చాలమ్మా. నాలుగోసారి నుంచి ముక్కు నీ మాట వింటాది. నువ్వు ఏది కావాలనుకుంటే అదే చెప్తాది."

ఆ మాట నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఆ రోజు నుంచి ఫారాలు నింపడం అయ్యాక ఆవిడ వెనకే తిరిగాను. తాజా రొయ్యకు వాసన ఉండదని, ఉన్నా అది సముద్రపు గాలిలాగా ఉండాలని, ఐసు తక్కువైన సరుకు తల దగ్గర ముందు పాడవుతుందని నేర్పారు. తప్పు చెబితే తిట్టేవారు కాదు. ట్రే నా ముందే ఉంచి, తాను టీకి వెళ్లిపోయేవారు. తిరిగి వచ్చేలోపు నాకే తెలిసేది.

ఆవిడ ఇల్లు పాలకొల్లు శివార్లలో. ఒక ఆదివారం భోజనానికి పిలిచారు. పెరట్లో అంట్లు కడిగిన నీళ్లు పారే చోట, అరటి చెట్ల నీడలో, ఈ మొక్క దుప్పటి పరిచినట్టు అల్లుకుని ఉంది. ఉడికించిన బాతు గుడ్డును రెండుగా కోసి, ఉప్పు, మిరియాల పొడి చల్లి, పైన ఈ పచ్చి ఆకులు రెండు పెట్టి నా చేతికిచ్చారు. మొదటి ముద్దకు కళ్లు చెమర్చాయి. రెండో గుడ్డు అడిగి తిన్నాను. తింటుంటే ఆ మొక్క కథ చెప్పారు.

నేను చేరడానికి మూడేళ్ల ముందు, ఫ్యాక్టరీలో కొత్త ఫ్రీజింగ్ మెషిన్ బిగించడానికి వియత్నాం నుంచి ఒక అమ్మాయి వచ్చిందట. పేరు లాన్. గెస్ట్ హౌస్‌లో ఒక్కతే ఉండేది. మన కూరలు తినలేక చిక్కిపోతుంటే, అన్నం పెట్టే పని నాగమణి గారికి అప్పగించారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఆ అమ్మాయి కాగితం మీద ఒక ఆకు బొమ్మ గీసి, మధ్యలో మచ్చ పెట్టి, చేపల గిన్నె వైపు చూపించేది. నాగమణి గారు ఆ కాగితం పట్టుకుని సంతలన్నీ తిరిగి, చివరికి ఒక సెలవు రోజున ఆ పిల్లను బస్సెక్కించుకుని కడియం నర్సరీలకు తీసుకెళ్లారు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పూలమొక్కల మధ్య తిరిగి తిరిగి, ఒక నర్సరీలో నీళ్ల గొట్టం పక్కన, పేరు కూడా రాయని ఒక కుండీ దగ్గర లాన్ ఆగిపోయింది. ఆకు గిల్లి వాసన చూసుకుని అక్కడే బురదలో కూర్చుని ఏడ్చిందట. ఆ కుండీనే కొని తెచ్చి నాగమణి గారు పెరట్లో నాటారు.

"అంత ఏడిపించే ఆకు ఏంటా అని నేనూ వాసన చూశాను. నాకేమీ అనిపించలేదు. నల్లి నలిపినట్టుంది. ఆ పిల్ల వెళ్లిపోయాక మాత్రం, ఈ వాసన వస్తే ఆ పిల్లే గుర్తొచ్చేది."

వచ్చేటప్పుడు నాకు రెండు రెమ్మలు ఇచ్చారు. పెనుగొండలో మా ఇంటి మేడమీద, బాగా పెరుగుతుందని నడి ఎండలో పెట్టాను. వారంలో మాడిపోయింది. రెండోసారి ఇచ్చినవి పెరట్లో నాటితే, మా అమ్మ కలుపనుకుని పీకి పారేసింది. మూడోసారి అడగడానికి సిగ్గేసింది. ఆవిడే గాజు గ్లాసులో నీళ్లు పోసి రెమ్మలు వేసి, వేళ్లు వచ్చాక ఫ్యాక్టరీకి తెచ్చి ఇచ్చారు. దీనికి నీడ కావాలని, కాళ్ల కింద ఎప్పుడూ తడి ఉండాలని, ముదిరిన ఆకు చేదని, చివుళ్లు తుంచుతూ ఉంటేనే గుబురుగా వస్తుందని చెప్పారు. ఆ తడవ బతికింది.

కరోనా రెండోసారి ఊళ్ల మీద పడిన వేసవిలో నాగమణి గారికి వచ్చింది. మూడు వారాలకు పనిలోకి వచ్చారు. బాగా నీరసించారు గాని నడక అదే. ఒక్కటే మారింది. ప్రతి ట్రే దగ్గరా "ముందు నువ్వు చూడమ్మా" అనేవారు. నేను చెప్పాక తాను వంగి చూసి తల ఊపేవారు. నాకు పని వచ్చేసిందని, అందుకే నాకు వదిలేస్తున్నారని లోలోపల గర్వపడ్డాను.

జూలైలో ఒక ఆదివారం చెప్పకుండా వాళ్లింటికి వెళ్లాను. పెరట్లోకి వెళ్లి చూస్తే ఆ మొక్క మీద ఒక్క ఆకు లేదు. ఎర్రటి కాడలు మాత్రం నేలమీద పడి ఉన్నాయి. మేక మేసిందేమో అనుకున్నాను. గట్టు మీద నలిపి పారేసిన ఆకులు కుప్పగా ఎండి ఉన్నాయి. నాగమణి గారు నా వెనకే వచ్చి నిలబడ్డారు. ఆవిడే చెప్పారు.

"వాసనేమీ తెలవట్లేదమ్మా. పొద్దున లేచి ఇదే చూసుకుంటన్నాను. ఇదన్నా తెలుత్తాదేమో అని."

నేను ఆలోచించకుండానే ఒక మాట అనేశాను. ఎవరికీ చెప్పొద్దని, నేను చూస్తానని, ఆవిడ తల ఊపితే చాలని. ఆవిడ ఆ కాడల వైపే చూస్తూ సరే అన్నారు. దాదాపు రెండు నెలలు అలాగే నడిపాం. సరుకు బాగుంటే నేను పెన్ను జేబులో పెట్టుకునేదాన్ని, అనుమానం ఉంటే చేతిలోనే ఉంచుకునేదాన్ని. ఆ సైగ పెట్టింది నేనే. అప్పుడు అది ఆవిడకు చేస్తున్న సాయమనుకున్నాను.

మా పిన్ని కూతురి పెళ్లికి నేను రెండు రోజులు సెలవు పెట్టాల్సి వచ్చింది. రెండో రోజున రామచంద్రపురం వైపు నుంచి ఒక లారీ సరుకు వచ్చింది. దారిలో బండి చెడిపోయి ఐసు కరిగిందన్న సంగతి డ్రైవరు చెప్పలేదు. నాగమణి గారు ట్రే మీద వంగారు. అందరూ ఆవిడ తల కోసం చూస్తున్నారు. ఆవిడ తల ఊపారు. వలిచే బల్లల దగ్గరికి వెళ్లాక గాని అక్కడి ఆడవాళ్లకు వాసన తగల్లేదు. వాళ్లు చెప్పేసరికి ఆ సరుకు మంచి సరుకులో కలిసిపోయింది. మొత్తం పారబోశారు.

తప్పు లారీవాడి మీద వేయవచ్చు. రాత్రి షిఫ్టులో ఐసు వేయలేదని ఎవరో ఒకరి మీద పెట్టవచ్చు. నిజానికి మేనేజరు గారు వలిచే బల్లల దగ్గర వాళ్లనే అనుమానించి పిలిపించారట. నాగమణి గారు వాళ్లకంటే ముందు లోపలికి వెళ్లి, మే నెల నుంచి తనకు వాసన తెలియడం లేదని, దాచిపెట్టానని చెప్పేశారు. నా పేరు ఎత్తలేదు.

మర్నాడు నేను వచ్చేసరికి ఆవిడ నీలిరంగు ఏప్రాన్ కట్టుకుని, ఎప్పుడో మొదలుపెట్టిన ఆ బల్ల దగ్గరే, మిగతా ఆడవాళ్ల మధ్య నిలబడి రొయ్యలు వలుస్తున్నారు. మానెయ్యమని ఎవరూ అనలేదట. చేతులు బాగానే ఉన్నాయి కదా అని ఆవిడే అడిగి వెళ్లారు. ఆవిడ స్థానం నాకు ఇచ్చారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఇదంతా నావల్లే అయిందని, నేనూ వెళ్లి చెబుతానని అన్నాను. ఆవిడ డబ్బా మూత పెట్టి నా వైపు తిరిగారు.

"ముక్కు పోవడం నా తప్పు కాదు. పోయిందని చెప్పకపోవడం తప్పు. అది నాదే, నీకు పంచి పెట్టను. నువ్వు మాత్రం తెలవనప్పుడు తెలవదని చెప్పు. అంతే."

నేను వెళ్లి చెప్పలేదు. ఆవిడ వద్దన్నారు కాబట్టి చెప్పలేదని చాలాకాలం అనుకున్నాను. భయపడి చెప్పలేదు. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఆ తరువాత ఆదివారాలు నేనే వెళ్లేదాన్ని. వానలకు మొక్క మళ్లీ చిగిర్చింది. ఆవిడ చివురు తుంచి నాకిచ్చి, ఎలా ఉందో చెప్పమనేవారు. మొదటిసారి, కొత్తిమీర లాగా ఉందన్నాను.

"కొత్తిమీర లాగా అనకు. కొత్తిమీర కూడా పోయింది కదా నాకు. ఇంకోలా చెప్పు."

అది ఎంత కష్టమో ఎవరైనా ప్రయత్నించి చూడాలి. వాసన పేరెత్తకుండా వాసన చెప్పాలి. వాన వెలిశాక తడి గోడకు చెంప ఆనించినట్టుందని ఒకసారి అన్నాను. పల్చటి కొత్త చీర చింపిన చప్పుడులా ఉందని మరోసారి అన్నాను. నచ్చకపోతే తల అడ్డంగా ఊపేవారు. నచ్చితే కళ్లు మూసుకునేవారు. ఆవిడ నాకు వాసన చూడడం నేర్పారు. చూసినదాన్ని మరొకరి చేతిలో పెట్టడం ఆ పెరట్లోనే నేర్చుకున్నాను. ఆ రోజుల్లోనూ ఆవిడ చేసిన పులుసు రుచి మారలేదు. ఎలా వండుతున్నారని అడిగితే, చెయ్యికి గుర్తుందమ్మా అన్నారు.

వాసన తిరిగి వచ్చిందో లేదో నాకు తెలియదు. ఒకసారి ఆకు ముక్కు దగ్గర పెట్టుకుని, దూరంగా ఎక్కడో ఏదో ఉన్నట్టుందని అన్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. రెండేళ్ల కిందట, షుగరు ముదిరి కాకినాడ ఆసుపత్రిలో చేర్చారని కూతురు ఫోన్ చేస్తే వెళ్లాను. మాట్లాడే ఓపిక లేదు. నా చెయ్యి పట్టుకుని, ఇక్కడ ఎలా ఉంది అని మెల్లగా అడిగారు. ఫినాయిలు, మందులు అని చెప్పడానికి నోరు రాలేదు. కిటికీ తీసి ఉందని, సముద్రం వైపు నుంచి గాలి వస్తోందని చెప్పాను. ఆవిడ కళ్లు తెరిచి నన్నే చూశారు. అబద్ధమని తెలిసింది. చెయ్యి మాత్రం వదల్లేదు. నాలుగు రోజులకు పోయారు. ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్లు పెరడంతా సిమెంటు చేయించుకున్నారు.

ఇప్పుడు జలుబు చేసిన రోజున ఫ్యాక్టరీలో అందరికీ వినబడేలా, ఈ రోజు నాకు తెలియడం లేదని చెప్పి ట్రే పక్కవాళ్లకు ఇస్తాను. ఎవరూ తక్కువగా చూడలేదు. ఇంత తేలిక అని ఆ వేసవిలో మా ఇద్దరిలో ఒక్కరికైనా తెలిసి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

పోయిన నెల పని మీద రాజమండ్రి వెళ్లాను. రైలు బ్రిడ్జి మీదికి ఎక్కింది. కింద గోదావరికి కొత్త నీరు వచ్చింది, ఎర్రగా, నిండుగా. తలుపు దగ్గర నుంచి వాసన లోపలికి కొట్టింది. నాగమణి గారికి చెబుతున్నట్టు మాటలు వాటంతటవే కూడుకున్నాయి. కుండ దించిన చోట నేల మీద అరచెయ్యి పెట్టినట్టుందండి, చల్లగా, కొంచెం గరుగ్గా, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు. పైకే అనేశానేమో, ఎదురు సీట్లో పెద్దావిడ నాతోనా అన్నట్టు చూశారు. కాదండి అని చెప్పి కిటికీ వైపు తిరిగాను. బ్రిడ్జి ఇంకా సగం ఉంది.