ఫ్యూజు ఎవరి జేబులో

మా అక్క మొగుడు లిఫ్టు మెకానిక్కు. నాకు పని నేర్పిందీ, తిట్లు నేర్పిందీ బావే. లిఫ్టు కిందుండే గుంతలోకి దిగేవాడు, కరెంటు రాకుండా మెయిన్ ఫ్యూజు పీకి తన జేబులోనే వేసుకోవాలన్నది ఆయన పెట్టిన కట్టుబాటు. "నీ ప్రాణం ఇంకొకడి జేబులో పెట్టకురా, సన్నాసీ!" అనేవాడు.

కొన్నాళ్లుగా బావ తీరు మారింది. స్పానరు చేతిలో పట్టుకుని దానికోసమే ఇల్లంతా వెతికేవాడు. అక్క పోరగా పోరగా డాక్టరు దగ్గరికి వచ్చాడు.

"అల్జీమర్స్. మెదడు కణాల మధ్య అమిలాయిడ్ అనే ప్రోటీన్ గడ్డలుగా పేరుకుంటోంది. దాన్ని ఊడ్చెయ్యాల్సిన కాపలా కణాలు రెచ్చిపోయి వాపు తెస్తున్నాయి. ఆ వాపుకి మంచి కణాలూ దెబ్బతింటాయి," అన్నాడు డాక్టరు.

"అంటే కాపలావాళ్లే కొంపకు నిప్పెట్టారన్నమాట!" అని బావ నవ్వాడు. అక్క నవ్వలేదు.

పని మానమంటే ఇంతెత్తున లేచాడు. గుంతలోకి నేను దిగేట్టు, తను పైన ఫ్యూజు పెట్టె ఉండే మిషన్ గదిలో ఉండేట్టు ఎలాగో ఒప్పించాను.

ఒకరోజు ఓ పాత లిఫ్టు, తలుపు తెరిచి ఉన్నా కదిలిపోతోందని పిలిచారు. ఫ్యూజు బావే పీకి, అలవాటుగా తన జేబులో వేసుకున్నాడు. ఇమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు. అడిగితే, నీ బుర్ర పాడైందని ముఖం మీద అన్నట్టే కదా! మొహమాటపడి అలాగే దిగాను.

గుంతలో నడుం వంచి వైర్లు విప్పుతుంటే పైనుంచి బావ గొంతు వినిపించింది.

"ఈ ఫ్యూజు నా జేబులోకెలా వచ్చింది? ఎవడు పీకాడు?"

లిఫ్టు సరిగ్గా నా నెత్తిమీద ఆగి ఉంది. ఆయన ఫ్యూజు పెట్టి, ఎవరైనా కింద బటన్ నొక్కితే నా పని అయిపోయినట్టే. నేను అరిచేలోపే పైన ఫ్యూజు పెట్టె మూత కిర్రుమంది. అంతలో, కరెంటు ఇచ్చే ముందు ఆయన ఎప్పుడూ వేసే కేక వినబడింది.

"గుంతలో ఎవరైనా ఉన్నారా?"

"నేనున్నా బావా! పెట్టకు!"

"నేనంటే ఎవరు?"

"నీ బావమరిదిని! సన్నాసిని!"

తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. బావ గుంత అంచున చతికిలబడి, ఫ్యూజు నా చేతిలో పెట్టాడు.

"ఇంకొకడి జేబులో పెట్టొద్దన్నానా లేదా? ఇక నా జేబులో కూడా పెట్టకురా," అన్నాడు.

ఆ గుంతలోనే నిలబడి ఏడ్చేశాను.